పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లకు కొత్త నెట్‌వర్క్ లైబ్రరీ: చిక్కంతా ఎక్కడుంది?

ఇవాళ్టి విజువల్ స్టూడియోలో (మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ టూల్) బిల్డ్ చేసిన ఒక చిన్న నెట్‌వర్క్ ప్రోగ్రామ్‌ని విండోస్ ఎక్స్‌పీ ఉన్న మెషీన్‌లోకి కాపీ చేసి డబుల్ క్లిక్ చేస్తే, ముందు వచ్చేది ‘ఇది సరైన విన్32 అప్లికేషన్ కాదు’ అనే మెసేజ్. ఫైల్ పాడైందేమో అనుకుంటాం. ఫైల్‌కి ఏమీ కాలేదు. ఎగ్జిక్యూటబుల్ హెడర్‌లో ‘నేను నడవాలంటే కనీసం ఈ వెర్షన్ కావాలి’ అని చెప్పే అంకెలు ఉంటాయి. విజువల్ స్టూడియో 2012 నుంచి లింకర్ (కంపైలైన ముక్కలని కలిపి ఎగ్జిక్యూటబుల్ చేసే టూల్) అక్కడ డీఫాల్ట్‌గా 6.0 అని రాస్తోంది, అంటే విస్టా. ఎక్స్‌పీ వెర్షన్ 5.1. సబ్‌సిస్టమ్ ఆప్షన్‌లో 5.01 అని ఇచ్చి మళ్లీ లింక్ చేస్తే ఆ మెసేజ్ పోతుంది. దాని వెనకే ఇంకొకటి వస్తుంది: ‘ఐనెట్_ఎన్‌టుపి అనే ప్రొసీజర్ ఎంట్రీ పాయింట్ డబ్ల్యూఎస్2_32 డీఎల్‌ఎల్‌లో కనబడలేదు.’ డీఎల్‌ఎల్ అంటే ప్రోగ్రామ్‌లు పంచుకునే ఫంక్షన్ల ఫైల్, ఇది విండోస్ నెట్‌వర్క్ ఫంక్షన్లది.

2014 ఏప్రిల్ 8తోనే సపోర్ట్ ముగిసిన సిస్టమ్ కోసం ఇంత తంటా ఎందుకంటారా? కారణాలు మామూలువే. ఓ ల్యాబ్ పరికరానికో ఫ్యాక్టరీ మెషీన్‌కో డ్రైవర్ ఎక్స్‌పీకి మాత్రమే వచ్చి ఉంటుంది. పరికరం ఇంకా నిక్షేపంగా పనిచేస్తుంటుంది, దాని డేటా మాత్రం ఇవాళ్టి సర్వర్‌కి చేరాలి. ఇంకొందరికి ఇదే సరదా: పాత మ్యాక్‌లోనో ఐబీఎం ఓఎస్/2లోనో ఇవాళ్టి ప్రోటోకాల్ మాట్లాడించాలని.

ఈ పనికి దిగేవాళ్లు చాలామంది మొదట లేని ఫంక్షన్ల జాబితా రాసుకుంటారు. ఆ జాబితా కావాల్సిందే, కానీ తేలిగ్గా తెమిలేది కూడా అదే. ఏం లేదో లోడర్ (ప్రోగ్రామ్‌ని మెమరీలోకి తెచ్చే భాగం) పేరు పెట్టి మరీ చెబుతోంది కదా. అసలు సతాయించేవి వేరే ఉన్నాయి. పేరు ఉంటుంది, కంపైల్ అవుతుంది, లింక్ అవుతుంది, చేసే పని మాత్రం వేరు. అంతకన్నా లోతుగా, డేటా వచ్చేదాకా ఎలా ఎదురుచూడాలి అన్న విషయంలో లైబ్రరీ కొన్ని నమ్మకాలు పెట్టుకుని ఉంటుంది. ఆ నమ్మకాలు పాత సిస్టమ్‌లో చెల్లవు.

పేరే లేని ఫంక్షన్లు

ముందు తేలికైనది చూద్దాం. విండోస్‌లో ప్రతి ఎగ్జిక్యూటబుల్ తనకు ఏ డీఎల్‌ఎల్ నుంచి ఏ ఫంక్షన్లు కావాలో ఇంపోర్ట్ టేబుల్‌లో రాసి పెట్టుకుంటుంది. ప్రోగ్రామ్ మొదలవకముందే లోడర్ ఆ పట్టికనంతా నింపాలి. అందులో ఒక్క పేరు దొరక్కపోయినా ప్రోగ్రామ్ కదలదు, ఆ ఫంక్షన్‌ని మీరు ఎప్పుడూ పిలవకపోయినా సరే. అందుకే పోర్ట్ చేసేవాళ్లు, అంటే లైబ్రరీని వేరే సిస్టమ్‌కి తెచ్చి నడిపించేవాళ్లు, అనుమానం ఉన్న ఫంక్షన్‌ని నేరుగా ఇంపోర్ట్ చేసుకోరు. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు గెట్‌ప్రాక్‌అడ్రస్‌తో అడుగుతారు. దొరికితే దాన్నే వాడతారు, దొరక్కపోతే సొంతంగా రాసిన కోడ్‌కి వెళతారు.

విండోస్‌లో ఉన్నవాటినీ లేనివాటినీ వేరుచేసే గీత దాదాపు విస్టా దగ్గరే పడింది. ఐపీ అడ్రస్‌ని అక్షరాల్లోకి మార్చే ఐనెట్_ఎన్‌టుపి, యూనిక్స్ పోల్‌కి జవాబుగా వచ్చిన డబ్ల్యూఎస్‌ఏపోల్, కండిషన్ వేరియబుల్స్, తేలికపాటి ఎస్‌ఆర్‌డబ్ల్యూ లాకులు, 64 బిట్ల టిక్ కౌంట్, క్యాన్సిల్‌ఐఓఈఎక్స్ అన్నీ విస్టాతోనే వచ్చాయి. ఒక లైబ్రరీ వీటిలో ఏ ఒక్కదాన్ని నమ్ముకున్నా ఎక్స్‌పీ దానికి దూరమైనట్టే. భాషల సంగతీ అంతే. పైథాన్ 3.4, గో 1.10 ఎక్స్‌పీ మీద అధికారికంగా నడిచే చివరి వెర్షన్లు. రస్ట్ 1.78 అయితే 2024లో కనీస మెట్టుని ఏకంగా విండోస్ 10కి పెంచింది.

లేని ఫంక్షన్ స్థానంలో ఏం పెట్టాలన్నది చూసినంత తేలిక కాదు. ఐనెట్_ఎన్‌టుపినే తీసుకోండి. ఎక్స్‌పీలో డబ్ల్యూఎస్‌ఏఅడ్రస్‌టుస్ట్రింగ్ అనే పాత ఫంక్షన్ ఉంది, చేసేది దాదాపు అదే పని. ఆ ‘దాదాపు’లోనే ఉంది తిరకాసు. ఇచ్చిన అడ్రస్‌లో పోర్ట్ నంబర్ సున్నా కాకపోతే, అది దాన్ని కూడా కోలన్ పెట్టి చివర తగిలిస్తుంది. లాగ్‌లో 10.0.0.5 రావాల్సిన చోట 10.0.0.5:8080 వస్తే నష్టం లేదు. ఆ స్ట్రింగ్‌ని అనుమతుల జాబితాతో పోల్చే కోడ్ ఉంటే మాత్రం మంచి క్లయింట్ కూడా గేటు బయటే ఉండిపోతుంది. పోర్ట్‌ని సున్నా చేసి పిలవచ్చు. నన్నడిగితే అంతకన్నా మంచిది, ఇంటర్నెట్ సాఫ్ట్‌వేర్ కన్సార్షియం 1996లో రాసిన చిన్న సీ కోడ్‌ని తెచ్చి పెట్టుకోవడం. సిస్టమ్‌ని ఏమీ అడగదు, అన్నిచోట్లా ఒకేలా నడుస్తుంది. ఎన్నో ప్రాజెక్టుల్లో ఇప్పటికీ ఉన్నది అదే.

మ్యాక్‌లోనూ ఇదే కథ, కాస్త వేరే రూపంలో. క్లాక్_గెట్‌టైమ్ మ్యాక్‌ఓఎస్ 10.12తో వచ్చింది. 10.11 మీద పనిచేయాల్సిన ప్రోగ్రామ్‌ని కొత్త ఎస్‌డీకే (డెవలపర్ కిట్)తో బిల్డ్ చేస్తే, ఫంక్షన్ల పేర్లు రాసి ఉండే హెడర్ ఫైల్‌లో పేరు ఉంది కాబట్టి కాన్ఫిగర్ స్క్రిప్ట్ ‘ఉంది’ అని రాసుకుంటుంది. వీక్ లింకింగ్ (ఫంక్షన్ దొరక్కపోయినా పర్లేదనే లింక్) వల్ల బిల్డ్ సాఫీగా పూర్తవుతుంది. పాత మెషీన్‌లో మాత్రం ఆ ఫంక్షన్ అడ్రస్ సున్నా, దాన్ని పిలిచిన క్షణాన క్రాష్. ఇలాంటి ఖాళీలు పూడ్చడానికే మ్యాక్‌పోర్ట్స్ వాళ్లు లెగసీ సపోర్ట్ అనే లైబ్రరీని నడుపుతున్నారు. లినక్స్‌లో ఈ గోల జీలిబ్‌సీ (అక్కడి మూల సీ లైబ్రరీ) సింబల్ వెర్షన్ల రూపంలో వస్తుంది. అక్కడ పాత డిస్ట్రో మీదే బిల్డ్ చేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఉన్నట్టే ఉండి వేరే పని చేసేవి

విండోస్‌లో నెట్‌వర్క్ ఫంక్షన్ల ప్రమాణం పేరు విన్‌సాక్. 1993 జనవరిలో దాని 1.1 వచ్చింది. 1996 నాటికి విన్‌సాక్ 2. మొదటి విండోస్ 95తో వచ్చింది 1.1 మాత్రమే, రెండోదాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. అందుకని 95ని కూడా కలుపుకోవాలనుకునేవాళ్లు పాత హెడర్‌తో, పాత డబ్ల్యూసాక్32 డీఎల్‌ఎల్‌తో బిల్డ్ చేస్తారు. కొన్నాళ్లకు ఎవరో ఒక ఫైల్‌లో కొత్త డీఎల్‌ఎల్‌ని కలుపుతారు. కంపైలర్ నోరెత్తదు.

కానీ మల్టీకాస్ట్ (ఒకే ప్యాకెట్‌ని ఒక గ్రూప్ అంతటికీ పంపడం) ఆప్షన్ల నంబర్లు రెండింటిలో వేరు. గ్రూప్‌లో చేరమని చెప్పే ఆప్షన్ పాత హెడర్‌లో 5, కొత్తదాంట్లో 12. ఇది ఫెయిలైతే కనీసం తెలుస్తుంది. 4వ నంబర్ మరీ అన్యాయం. పాత హెడర్ ప్రకారం 4 అంటే మల్టీకాస్ట్ లూప్‌బ్యాక్, అంటే నేను పంపిన ప్యాకెట్ నాకే తిరిగి రావాలా వద్దా అన్నది. విన్‌సాక్ 2 దృష్టిలో 4 అంటే ప్యాకెట్ టీటీఎల్. మీరు ‘లూప్‌బ్యాక్ వద్దు’ అని సున్నా పంపితే, అవతల అది ‘ప్యాకెట్ ఆయుష్షు సున్నా చేయి’ అని అర్థం చేసుకుంటుంది. కోడ్‌ని ఎంతసేపు చదివినా తప్పు కనబడదు, ఎందుకంటే కోడ్‌లో తప్పు లేదు. హెడర్‌కీ డీఎల్‌ఎల్‌కీ జత కుదరలేదు, అంతే. పాత సిస్టమ్ కోసం బిల్డ్ చేసేటప్పుడు ఏ ఫైల్ ఏ హెడర్‌ని లాగుతోందో ముందే చూసుకోవాలనేది ఇందుకే.

ఏ సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్ కొస) సిద్ధంగా ఉందో చెప్పే సెలెక్ట్ ఫంక్షన్ విషయం ఇంకా పాతది. బర్కిలీ సాకెట్లు 1983లో 4.2బీఎస్‌డీతో వచ్చాయి. అక్కడ సాకెట్ అంటే ఫైల్ డిస్క్రిప్టర్, అంటే చిన్న పూర్ణాంకం. ఆ నంబర్లని బిట్ల వరుసలో పెట్టి సెలెక్ట్‌కి ఇస్తారు. విండోస్‌లో సాకెట్ చిన్న పూర్ణాంకం కానక్కర్లేదు, ఎఫ్‌డీ_సెట్ బిట్ల వరుసా కాదు. అదొక మామూలు అరే, డీఫాల్ట్‌గా 64 సాకెట్లు పడతాయి. సెలెక్ట్ మొదటి ఆర్గ్యుమెంట్‌ని విండోస్ పట్టించుకోదు. కనెక్షన్ విఫలమైతే యూనిక్స్‌లో ‘రాయడానికి సిద్ధం’ అన్న జాబితాలో కనిపిస్తుంది, విండోస్‌లో మూడోదైన ఎక్సెప్షన్ జాబితాలో. మొదటి రెండు జాబితాలే చూసే లైబ్రరీ ఆ వైఫల్యం గురించి ఎన్నటికీ తెలుసుకోదు, టైమౌట్ దాకా అలా చూస్తూ కూర్చుంటుంది. పోనీ డబ్ల్యూఎస్‌ఏపోల్ ఉన్న విస్టాకి వెళదామంటే, అదీ విఫలమైన కనెక్షన్ సంగతి చెప్పేది కాదు. ఆ లోపాన్ని 2020లో వచ్చిన, 2004 అనే పేరున్న విండోస్ 10 వెర్షన్‌లో గానీ సరిచేయలేదు.

ఓఎస్/2 సొంత సెలెక్ట్ అయితే మరో లోకం. సాకెట్లన్నీ ఒకే అరేలో పెట్టి, ఇందులో మొదటి ఇన్ని చదవడానికి, తర్వాతి ఇన్ని రాయడానికి అని లెక్క చెప్పాలి. సాకెట్‌ని మూయడానికి అక్కడ సోక్లోజ్, విండోస్‌లో క్లోజ్‌సాకెట్. మరో పాత సిస్టమ్ బీఓఎస్ ఆర్5లోనూ సాకెట్లు ఫైల్ డిస్క్రిప్టర్లు కావు. ‘సాకెట్ కూడా ఒక ఫైలే’ అన్న నమ్మకం మీద రాసిన కోడ్ ఎంత ఉందో ఇలాంటి చోటే బయటపడుతుంది: రీడ్, రైట్, క్లోజ్ అని రాసిన ప్రతి లైనూ వెతికి మార్చాలి.

ఐపీవీ6 గురించి ఒక్క మాట. ఎక్స్‌పీలో అది ఉంది, ఇన్‌స్టాల్ చేసుకోవాలి. కానీ ఒకే సాకెట్ మీద ఐపీవీ4, ఐపీవీ6 రెండూ వినే సదుపాయం లేదు, అది విస్టాతో వచ్చింది. సర్వర్ లైబ్రరీ రెండు సాకెట్లు తెరవాలి.

ఎలా ఎదురుచూడాలి?

నెట్‌వర్క్ లైబ్రరీలో ఎక్కువ భాగం ఎదురుచూడటమే. డేటా ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చేదాకా ఏం చేయాలన్నదే డిజైన్. బర్కిలీ సాకెట్లు దీనికి సులువైన జవాబిచ్చాయి: ‘నువ్వు నిద్రపో, డేటా రాగానే కెర్నల్ లేపుతుంది, ఈలోగా మిగతా ప్రోగ్రామ్‌లు వాటి పని అవి చూసుకుంటాయి.’ విండోస్ 3.1లోనూ పాత మ్యాక్ ఓఎస్‌లోనూ ఈ జవాబు చెల్లదు. అవి కోఆపరేటివ్ మల్టీటాస్కింగ్ సిస్టమ్‌లు. ఒక ప్రోగ్రామ్ తనంతట తాను వదిలితే తప్ప ఇంకోదానికి ప్రాసెసర్ దొరకదు. రిసీవ్ కాల్‌లో ఒక ప్రోగ్రామ్ నిద్రపోయిందంటే మౌస్ పాయింటర్ తప్ప మెషీన్ అంతా బిగుసుకుపోతుంది.

విన్‌సాక్ 1.1 దీనికి రెండు దారులు చూపింది. ఒకటి డబ్ల్యూఎస్‌ఏఅసింక్‌సెలెక్ట్: ‘సాకెట్‌లో ఏదైనా జరిగితే నా విండోకి ఒక మెసేజ్ పంపు’ అని చెప్పుకోవడం. విండోస్ తీరుకి అచ్చంగా సరిపోయే పద్ధతి ఇది. రెండోది బ్లాకింగ్ హుక్. యూనిక్స్ కోడ్‌ని అలాగే తెచ్చి పెట్టాలనుకునేవాళ్ల కోసం, బ్లాకింగ్ కాల్ లోపలే విన్‌సాక్ కూర్చుని విండోస్ మెసేజ్‌లని నడిపిస్తూ ఉంటుంది. చూడ్డానికి బాగానే ఉంది కదా? కానీ ఆ మెసేజ్‌లలో మీ ప్రోగ్రామ్‌కి వచ్చేవి కూడా ఉంటాయి. రిసీవ్ ఇంకా పూర్తికాకముందే యూజర్ ‘కనెక్ట్’ బటన్ మళ్లీ నొక్కితే, అదే ఫంక్షన్‌లోకి మళ్లీ వస్తారు. రెండో కాల్‌కి విన్‌సాక్ 10036 ఎర్రర్ ఇస్తుంది, అంటే ‘ఇంకో పని జరుగుతోంది’ అని. లైబ్రరీ లోపల సగం నిండిన బఫర్ ఉంటే దాని గతి దేవుడికే తెలియాలి. విన్‌సాక్ 2 వచ్చేసరికి ఈ హుక్‌ని తీసేశారు.

పాత మ్యాక్‌లో 1988 నాటి మ్యాక్‌టీసీపీ, 1995 నుంచి ఓపెన్ ట్రాన్స్‌పోర్ట్. రెండూ బర్కిలీ సాకెట్లు కావు. మ్యాక్‌టీసీపీలో పని పూర్తయితే పిలిచే రొటీన్ ఇంటరప్ట్ సమయంలో నడుస్తుంది, అందులో మెమరీ అలొకేట్ చేయకూడదు. డేటా రాగానే మాలాక్ పిలిచి బఫర్ తెచ్చుకునే ఇవాళ్టి లైబ్రరీకి ఇది గొంతుమీద కత్తి. దాన్ని మార్చి, రొటీన్‌లో కేవలం ఒక గుర్తు పెట్టి, అసలు పనిని మెయిన్ లూప్‌కి వదలాలి. మథియాస్ నీరాఖర్ రాసిన గూసీ లైబ్రరీ ఈ తేడాలన్నీ దాచి, పైకి బర్కిలీ సాకెట్లు ఉన్నట్టే చూపించేది. పాత మ్యాక్‌కి ఏదైనా పోర్ట్ చేయాలంటే దాన్ని చదవడంతో మొదలుపెట్టడం మంచిది.

విండోస్ ఎన్‌టీ వచ్చాక మరో చీలిక. సెలెక్ట్, పోల్, లినక్స్ ఈపోల్, బీఎస్‌డీ కేక్యూ ‘ఇప్పుడు చదవచ్చు’ అని చెబుతాయి, చదవడం మన పని. ఎన్‌టీ 3.5తో వచ్చిన ఐఓ కంప్లీషన్ పోర్ట్ అలా కాదు. బఫర్ ముందే ఇచ్చేయాలి, అది ‘చదివేశాను, ఇదిగో’ అంటుంది. లిబ్‌యూవీ అనే నెట్‌వర్క్ లైబ్రరీ విండోస్ వైపు దీనిమీదే నిలబడింది. విండోస్ 95, 98లలో కంప్లీషన్ పోర్ట్‌లు లేవు, కాబట్టి అక్కడికి లిబ్‌యూవీని తేవాలంటే ఒకటి రెండు ఫంక్షన్లు జోడిస్తే చాలదు, గుండెకాయనే మార్చాలి. బూస్ట్ ఏషియో అనే సీ++ లైబ్రరీకి ఈ బాధ తక్కువ, దానిలో కంప్లీషన్ పోర్ట్ లేనప్పుడు వాడే సెలెక్ట్ రియాక్టర్ మొదటినుంచీ ఉంది. పోర్ట్ చేయడానికి లైబ్రరీ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఇదే: ఎదురుచూసే భాగాన్ని విడదీసి మార్చగలమా? ఫీచర్ల పట్టిక ఆ తర్వాత.

ఎక్స్‌పీలో కంప్లీషన్ పోర్ట్ ఉంది కదా, ఇక బాధేముంది అనుకోవద్దు. క్యాన్సిల్ చేయడం దగ్గర ఇరుక్కుంటాం. మొదలైన రీడ్‌ని టైమౌట్ అయ్యాక ఆపాలి. ఎక్స్‌పీలో ఉన్న క్యాన్సిల్‌ఐఓ, దాన్ని పిలిచిన థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే ఒక వరుస) మొదలుపెట్టిన ఆపరేషన్లని మాత్రమే ఆపుతుంది. వేరే థ్రెడ్ మొదలుపెట్టినవాటిని ఆపాలంటే విస్టాలోని క్యాన్సిల్‌ఐఓఈఎక్స్ కావాలి. ఏషియో ఆ ఫంక్షన్‌ని రన్‌టైమ్‌లో వెతుకుతుంది. దొరక్కపోతే, బిల్డ్‌లో ప్రత్యేకంగా అనుమతించి, ఆ సాకెట్‌ని ఒకే థ్రెడ్ వాడి ఉంటేనే పాతదాన్ని పిలుస్తుంది, లేదంటే ‘ఈ పని ఇక్కడ కుదరదు’ అని ఎర్రర్ ఇస్తుంది. అబద్ధం చెప్పి ‘ఆపేశాను’ అనడం కన్నా ఇదే నయం. ఎందుకంటే ఆగని రీడ్ తర్వాతెప్పుడో పూర్తై, మీరు ఈపాటికే ఫ్రీ చేసిన బఫర్‌లోకి డేటా రాస్తుంది. అలాంటి చోట సాకెట్‌ని మూసేసి, కంప్లీషన్ వచ్చేదాకా బఫర్‌ని పట్టుకుని ఉండటమే దారి.

ఈ కుటుంబానికే చెందిన ఇంకో చిన్న సంగతి. సెలెక్ట్‌లో నిద్రపోయిన థ్రెడ్‌ని ఇంకో థ్రెడ్ లేపడానికి యూనిక్స్‌లో పైప్ వాడతారు. విండోస్ సెలెక్ట్ సాకెట్లని తప్ప దేన్నీ తీసుకోదు, అందుకని 127.0.0.1 మీద తనకు తానే కనెక్ట్ అయి ఒక సాకెట్ జంట తయారుచేసుకుంటారు. కొన్ని ఫైర్‌వాల్స్ మధ్యలో దూరి, 127.0.0.1కి బైండ్ చేసిన సాకెట్ అడ్రస్‌ని 0.0.0.0 అని చెబుతాయట. ఏషియో సోర్స్‌లో దానికోసం ఒక కామెంటూ ఒక ఇఫ్ స్టేట్‌మెంటూ ఉన్నాయి. ఎవరెన్ని గంటలు తల పట్టుకుంటే ఆ రెండు లైన్లు పుట్టాయో!

గోరుచుట్టు మీద రోకటి పోటు: టీఎల్‌ఎస్

సాకెట్ కనెక్ట్ అయింది. ఇప్పుడు సర్వర్ టీఎల్‌ఎస్ (మాటల్ని రహస్యంగా ఉంచే ప్రోటోకాల్) 1.2 కన్నా తక్కువైతే మాట్లాడనంటుంది. టీఎల్‌ఎస్ 1.0, 1.1లని 2021 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 8996 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం పక్కకు నెట్టింది. మామూలు ఎక్స్‌పీలో టీఎల్‌ఎస్ చూసుకునే ఎస్‌చానెల్‌కి 1.0 దాకానే వచ్చు. పైగా అది సర్వర్ నేమ్ ఇండికేషన్ (ఏ సైట్ కావాలో చెప్పే పేరు) పంపదు, కాబట్టి ఒకే ఐపీ మీద అనేక సైట్లు నడిపే సర్వర్ ఏ సర్టిఫికెట్ ఇవ్వాలో తెలియక తప్పుది ఇవ్వచ్చు. సిస్టమ్‌ని నమ్ముకోవడం మానేసి ఎంబెడ్ టీఎల్‌ఎస్, వుల్ఫ్ ఎస్‌ఎస్‌ఎల్, బేర్ ఎస్‌ఎస్‌ఎల్ లాంటి టీఎల్‌ఎస్ లైబ్రరీ వెంట తెచ్చుకోవాలి.

అవి శుభ్రమైన సీ కోడ్, కంపైల్ చేయడం పెద్ద పని కాదు. వాటికి మూడు సంగతులు మనం అందించాలి. మొదటిది, ఎవరూ ఊహించలేని ర్యాండమ్ నంబర్లు. కొత్త కోడ్ వాడే బీక్రిప్ట్‌జెన్‌ర్యాండమ్ విస్టాతో వచ్చింది. ఎక్స్‌పీలో ఆర్‌టీఎల్‌జెన్‌ర్యాండమ్ ఉంది, అడ్వాపీఐ32లో సిస్టమ్‌ఫంక్షన్036 అన్న విచిత్రమైన పేరుతో. ఇంకా వెనక్కి పాత మ్యాక్‌కి వెళితే సిస్టమ్ వైపు నుంచి నమ్మదగ్గదేమీ లేదు, మౌస్ కదలికలు, టైమింగ్‌లు పోగుచేసుకోవాలి. ఇక్కడ టైమ్‌తో సీడ్ చేసిన ర్యాండ్ ఫంక్షన్ పెట్టి ‘తర్వాత చూద్దాం’ అనుకునే పోర్ట్‌ని నేనైతే వాడను. అన్నీ పనిచేస్తున్నట్టే ఉంటుంది, రహస్యం మాత్రం ఉండదు. రెండోది రూట్ సర్టిఫికెట్లు, అంటే మిగతా సర్టిఫికెట్లని నమ్మడానికి ఆధారమైనవి. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ చాలాకాలం ఆసరాగా వాడుకున్న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 గడువు 2021 సెప్టెంబర్ 30తో తీరిపోయి, ఎన్నో పాత మెషీన్లు ఒక్కసారిగా సైట్లని నమ్మడం మానేశాయి. కాబట్టి రూట్‌ల ఫైల్‌ని ప్రోగ్రామ్‌తో పాటు ఇవ్వాలి, అప్‌డేట్ చేసే దారీ ఉంచాలి. మూడోది గడియారం. బోర్డు మీది బ్యాటరీ చచ్చిపోయిన మెషీన్ తేదీ ఎక్కడో ఏళ్ల వెనక ఆగి ఉంటుంది, ప్రతి సర్టిఫికెట్టూ దానికి ‘ఇంకా మొదలుకానిది’గానే కనిపిస్తుంది. సర్టిఫికెట్ ఎర్రర్ రాగానే తనిఖీని ఆపేసే ముందు తేదీ చూడండి.

ఫ్యాక్టరీ మెషీన్ల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: టీఎల్‌ఎస్‌ని పాత మెషీన్‌లోకి తేవడం కన్నా, పక్కన ఒక కొత్త చిన్న మెషీన్ పెట్టి దానిచేత మాట్లాడించడం మేలు. పాతది తన పక్కింటిదానితోనే మామూలు టీసీపీలో మాట్లాడుతుంది, బయటి నెట్‌వర్క్‌కి తలుపు ఉండదు. అప్‌డేట్‌లు రాని కెర్నల్‌కి కొత్త టీఎల్‌ఎస్ తొడిగినా కెర్నల్ పాతదే కదా.

కంపైలర్ పెట్టే కిరికిరి

నెట్‌వర్క్‌కి సంబంధం లేకపోయినా ఇది చెప్పకపోతే కుదరదు. సీ++11 నుంచి ఫంక్షన్ లోపలి స్టాటిక్ వేరియబుల్స్ థ్రెడ్‌ల మధ్య భద్రంగా మొదలవ్వాలని నియమం. విజువల్ సీ++ దాన్ని థ్రెడ్ లోకల్ స్టోరేజ్‌తో అమలుచేస్తుంది. విస్టాకి ముందు విండోస్‌లో, లోడ్‌లైబ్రరీతో తర్వాత తెచ్చుకున్న డీఎల్‌ఎల్‌కి ఆ స్టోరేజ్ సరిగా అందదు. ఫలితం: మీ లైబ్రరీ ఎగ్జిక్యూటబుల్‌లో కలిపితే భేషుగ్గా నడుస్తుంది, ప్లగిన్‌గా లోడ్ చేస్తే ఎక్స్‌పీలో కూలిపోతుంది. థ్రెడ్‌సేఫ్‌ఇనిట్ ఆప్షన్‌ని ఆపేస్తే సరిపోతుంది, కానీ అప్పుడు ఆ స్టాటిక్‌లని మీరే కాపాడుకోవాలి. ఎక్స్‌పీకి గురిపెట్టే చివరి టూల్‌సెట్ వీ141_ఎక్స్‌పీ, విజువల్ స్టూడియో 2017 నాటిది.

టెస్టింగ్‌లో ఒక చోట జాగ్రత్త. ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 నుంచి పూర్తికాని అవుట్‌గోయింగ్ కనెక్షన్లు ఒకేసారి 10కి మించకుండా కెర్నలే ఆపుతుంది, మిగతావి క్యూలో నిలబడతాయి. ఒకేసారి యాభై కనెక్షన్లు తెరిచే టెస్ట్ నత్తనడక నడిస్తే మీ కోడ్‌ని తిట్టుకునే ముందు ఈవెంట్ వ్యూయర్‌లో 4226 నంబర్ ఉందేమో చూడండి.

ఇక ఈ మార్పులన్నీ ఎక్కడ ఉంచాలి? అసలు సోర్స్ నిండా ఇఫ్‌డెఫ్‌లు (సిస్టమ్‌ని బట్టి కోడ్‌ని ఎంచే షరతులు) చల్లితే, అసలు ప్రాజెక్టు కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మెర్జ్ గొడవే. లేని ఫంక్షన్ల కోడంతా ఒక విడి ఫైల్‌లో, ఎదురుచూసే భాగం ఇంకో ఫైల్‌లో పెట్టి, అసలు సోర్స్‌లో ఆ పేర్లని పిలిచే చోట్లని మాత్రం తాకితే నిలుస్తుంది. పాత సిస్టమ్‌ని అధికారికంగా వదిలేయడానికి ముందరి చివరి వెర్షన్‌ని ఎంచుకుని, ఆ తర్వాతి భద్రతా సవరణలని మాత్రం ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఫీచర్ల వెంట పడకపోతే ఇది ఒక్క మనిషి మోయగలిగిన పనే.